కోట గోడల మధ్య పిల్లల పడకలు

శత్రువును కొండ కిందనే నిలిపివేయడానికి కట్టిన దుర్గాలు కొన్ని ఇప్పుడు బడిపిల్లలకు రాత్రి బసగా, పగలు కాలినడకకు, బండలెక్కే శిక్షణకు కేంద్రాలుగా ఉపయోగపడుతున్నాయి. ఇటువంటి కేంద్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా యువతలో చారిత్రక స్పృహను పెంపొందించడమే వాటి లక్ష్యమని కరపత్రాలలోనూ ప్రారంభోపన్యాసాలలోనూ చెప్పడం ఆనవాయితీ. అయితే చిరకాలంగా నిలిచిన కేంద్రాల పుట్టుపూర్వోత్తరాలను పరిశీలిస్తే, వాటిని నెలకొల్పినవారికి మొదట కావలసింది చరిత్ర కాదని, పిల్లలు తలదాచుకునే చోటో, ఎక్కడానికి అనువైన బండో మాత్రమేనని, చరిత్ర ఆ అవసరం వెంట తరువాత వచ్చి చేరిందని తెలుస్తుంది. ఈ మాటకు అన్నిటికన్నా స్పష్టమైన నిదర్శనం జర్మనీలోని ఆల్టెనా కోట కాగా, తెలుగు నేల మీద దానితో పోల్చి చూడదగినది భువనగిరి.

జర్మనీ పశ్చిమ భాగంలో జౌయర్‌లాండ్ అనే కొండప్రాంతం ఉంది. అక్కడ లెన్నె నది ఇరుకైన లోయలో మెలికలు తిరుగుతూ పారే చోట, నదికి ఎగువన పొడుచుకొచ్చిన కొండకొమ్ము మీద ఆల్టెనా కోట నిలిచి ఉంది. మూడు వైపులా లోతైన వాలు ఉండి, ఒక్క వైపు మాత్రమే గోడతోనూ కందకంతోనూ కాపాడుకోవలసిన ఇటువంటి నిర్మాణాన్ని కొమ్ముకోట అనవచ్చు. కొండే మూడొంతుల పని చేసిపెడుతుంది గనుక మధ్యయుగపు ప్రభువులు ఈ తరహా స్థలాల కోసం వెతికేవారు. 12వ శతాబ్దిలో బెర్గ్ వంశానికి చెందిన ప్రభువులు ఈ కోటను కట్టించారు. వారిలో ఒక శాఖ మొదట ఆల్టెనా పేరుతోనూ, 1200 ప్రాంతంలో హామ్ పట్టణం దగ్గరి మార్క్ అనే ఎస్టేటు చేతికి వచ్చాక మార్క్ ప్రభువుల పేరుతోనూ పాలన సాగించింది. పాలకుల నివాసం మైదానానికి మారిన తరువాత కోట ప్రాధాన్యం తగ్గింది. 17వ శతాబ్ది ఆరంభంలో మార్క్ ప్రాంతమంతా వారసత్వపు తగాదాలో బ్రాండెన్‌బర్గ్ పాలకుల వశమై, క్రమంగా ప్రష్యా రాజ్యంలో భాగమయింది.

ఆ తరువాత కోటకు పట్టిన గతి యూరప్‌లోని వందలాది కోటలకు పట్టినదే. కొంతకాలం సైనికుల విడిదిగా ఉన్న తరువాత, 18వ శతాబ్ది చివరి భాగం నుంచి అది పట్టణం వారి చేతిలో నిరుపేదల శాలగా మారి, 19వ శతాబ్దిలో సగం కూలి, 20వ శతాబ్ది ఆరంభం వరకు ఆసుపత్రిగా పనిచేసింది. 1909లో మార్క్ ప్రాంతం ప్రష్యా ఏలికల కిందికి వచ్చి 300 ఏళ్లు నిండిన సందర్భంగా, జిల్లా పరిపాలనాధికారి ఫ్రిట్జ్ తోమే చొరవతో కోటను తిరిగి నిలబెట్టే పని మొదలయింది. శిథిలాన్ని శిథిలంగా కాపాడాలా, లేక పాత రూపం ఇలా ఉండి ఉంటుందని ఊహించి కొత్తగా కట్టాలా అన్న వివాదం అప్పట్లో జర్మనీ అంతటా నడుస్తున్నదే. ఆల్టెనా విషయంలోనూ ఊహతో కట్టే బురుజులు చరిత్ర కాజాలవని వాదించిన నిపుణులు లేకపోలేదు. వారి అభ్యంతరం సరైనదే. ఈనాడు ఆల్టెనాకు వెళ్లినవారు మధ్యయుగపు కోట అనుకుని చూసేదానిలో అధికభాగం 1909 తరువాత కట్టినది, రాజభక్తిని ప్రదర్శించడానికి చేసిన నిర్మాణం. ప్రపంచమంతటికీ తెలిసిన ఆల్టెనా మాత్రం ఆ రాజభక్తి నుంచి పుట్టలేదు; అదే పట్టణంలో పనిచేస్తున్న ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి చిన్న ఇబ్బంది నుంచి పుట్టింది.

ఆ ఉపాధ్యాయుడు రిచర్డ్ షిర్మన్. 1874లో తూర్పు ప్రష్యాలోని పల్లెటూరిలో పుట్టి, ఉద్యోగరీత్యా పశ్చిమాన ఉన్న పారిశ్రామిక ప్రాంతానికి వచ్చి, 1903లో ఆల్టెనాకు చేరాడు. ఆల్టెనా ఇనుపతీగ తీసే పనికి మధ్యయుగం నుంచి పేరు పొందిన ఊరు. కవచాలకు వాడే గొలుసుల కోసం మొదలైన ఆ వృత్తి 19వ శతాబ్దికి మిల్లుల పొగగా మారి లోయంతా నిండింది. ఇరుకు ఇళ్లలో పెరుగుతున్న కార్మికుల పిల్లలకు గాలీ వెలుతురూ కావాలంటే పాఠం గది దాటి బయటికి రావాలని షిర్మన్ భావించి, చెట్టూ పుట్టా రాయీ నీరూ చూపుతూ నడకలోనే పాఠాలు చెప్పే పద్ధతిని ఆచరించాడు. ఆనాటికి యువకుల కాలినడక యాత్రలు కొత్త కాదు. 1901లో బెర్లిన్ శివారులో మొదలైన వాండర్‌ఫోగెల్ అనే సంఘం, అంటే విహరించే పక్షి అన్న పేరు పెట్టుకున్న ఉన్నత పాఠశాల విద్యార్థుల బృందం, నగర జీవితాన్ని నిరసిస్తూ అడవుల వెంట తిరుగుతూనే ఉంది. బొహీమియా కొండల్లో 1884 నుంచే పెద్ద చదువుల విద్యార్థులకు చవక బసలు ఏర్పడ్డాయి. కాని అవన్నీ కలిగిన ఇంటి పిల్లలవి. తీగ మిల్లు కార్మికుడి కొడుకు రెండో రోజు నడవాలంటే మొదటి రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

1909 ఆగస్టులో షిర్మన్ తన తరగతి పిల్లలను వెంటబెట్టుకుని ఆల్టెనా నుంచి ఆఖెన్ నగరం దిశగా ఎనిమిది రోజుల నడకకు బయలుదేరాడు. 26వ తేదీన బ్రోల్ లోయలో ఉరుములతో పెద్ద వాన పట్టుకోగా, వారికి ఒక పల్లెటూరి బడిలోని తరగతి గది ఆశ్రయమయింది. ఒక రైతు పడకకు గడ్డి, రాత్రికి పాలు ఇచ్చాడు. పిల్లలు నిద్రపోయారు, వాన తెల్లవార్లూ కురిసింది, ఉపాధ్యాయుడికి మాత్రం నిద్ర పట్టలేదు. ప్రతి ఊళ్లోనూ సెలవుల్లో ఖాళీగా ఉండే బడి ఒకటి ఉంటుందని, అందులో ఒక గదిని నడిచివచ్చే పిల్లలకు రాత్రి బసగా తెరిచి ఉంచితే, ఒక రోజు నడక దూరానికి ఒకటి చొప్పున దేశమంతటా అల్లుకుపోవచ్చని ఆ రాత్రి ఆయనకు తోచింది. మరుసటి ఏడాది ఈ ఆలోచనను పత్రికలో వ్యాసంగా ప్రకటించాడు. తన బడిలోనే బల్లలు ఒక పక్కకు జరిపి, గడ్డిపరుపులు వేసి, సెలవుల్లో బస నడిపాడు.

తెలుగు పాఠకులకు ఇది సత్రం వంటిదేనని చెబితే చాలావరకు అర్థమవుతుంది. కాశీకి, రామేశ్వరానికి నడిచే యాత్రికులకు దాతలు దారి పొడవునా కట్టించిన సత్రాలలో కూడా నడిచివచ్చినవాడికి నీడ, పడక, ఏదో ఒక పూట భోజనం దొరికేవి. తేడా ఏమిటంటే సత్రానికి యాత్రికుడి పుణ్యం ఆధారం, దాత పేరు గడప మీది శాసనంలో ఉంటుంది. షిర్మన్ కోరిన బసకు మాత్రం పుణ్యంతో నిమిత్తం లేదు, పదేళ్ల పిల్లవాడు వాగు ఎక్కడ పుడుతుందో చూడాలనుకోవడమే అర్హత. బసకు వచ్చినవాడు సొంతకాళ్ల మీదనో సైకిలు మీదనో రావాలి, తన పడక తానే సర్దుకోవాలి, తిన్న గిన్నె తానే కడగాలి. ఈ నియమాలు కఠినంగా కనిపించినా, ఖర్చును అందరికీ అందుబాటులో ఉంచినవి అవే.

బడి గది చాలకపోవడంతో షిర్మన్ దృష్టి కొండ మీద జరుగుతున్న పునర్నిర్మాణం మీద పడింది. ఒక పక్క తాపీపని సాగుతుండగానే, 1912–14 మధ్య కోటలోని కొన్ని గదులు ఆయన కోరిక మేరకు యువబసగా మారాయి. సెలవులకే పరిమితం కాకుండా ఏడాది పొడవునా తెరిచి ఉండే యువబసలలో ప్రపంచంలో మొదటిదిగా దానిని లెక్కిస్తారు. యూత్ హాస్టల్ అన్న మాట ఈనాడు ఏ దేశంలో వినిపించినా దాని మూలం ఇక్కడికి చేరుతుంది. కోటను నిలబెట్టినవారి ఉద్దేశం ఒకటి, దానికి ప్రాణం పోసిన వాడకం మరొకటి కావడం ఇక్కడ గమనించవలసిన విషయం. రాజవంశపు మూడు శతాబ్దాల వేడుక జరిగి పదేళ్లు గడవకముందే ఆ రాజవంశం 1918లో సింహాసనం కోల్పోయింది. గడ్డిపరుపు మాత్రం నిలిచింది.

ఆ తొలి బస గదులను ఇప్పుడు మ్యూజియంగా కాపాడుతున్నారు. దళసరి రాతి గోడల మధ్య, బరువైన దూలాలతో చేసిన మూడంతస్తుల చెక్క మంచాలు వరుసగా ఉంటాయి; మగపిల్లలకు ఒక గది, ఆడపిల్లలకు ఒక గది. పై అంతస్తు మంచం మీదికి నిచ్చెన ఎక్కాలి, అక్కడ లేచి కూర్చుంటే తల కప్పుకు తగలడం ఖాయం. ఆ గదిలో సౌకర్యమన్నది మచ్చుకైనా లేదు. అయినా ఇరుకైన ఇంట్లో తోబుట్టువులతో ఒకే మంచం పంచుకున్న కార్మికుడి బిడ్డకు తనకంటూ ఒక పడక దొరకడం ఆనాడు చిన్న విషయం కాదు. కోట మధ్యయుగానిదా, 1909 నాటిదా అన్న పండిత వివాదం ఆ పిల్లవాడికి పట్టి ఉండదు.

మొదటి ప్రపంచయుద్ధంలో షిర్మన్ ఫ్రాన్సు సరిహద్దులోని వోజ్ పర్వతాలలో సైనికుడిగా ఉన్నాడు. 1915 క్రిస్మస్ రోజులలో అక్కడ ఇరుపక్షాల సైనికులు తుపాకులు పక్కన పెట్టి, రొట్టె, సారాయి, సిగరెట్లు మార్చుకున్నారని ఆయన రాసుకున్నాడు. ఆలోచనాపరులైన యువకులు ఒకరినొకరు కలుసుకునే చోట్లు ముందే ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఆయనను వదలలేదు. యుద్ధం ముగిశాక 1919లో విల్‌హెల్మ్ మ్యూంకర్ అనే సమర్థుడైన నిర్వాహకుడితో కలిసి యువబసల సంఘాన్ని దేశవ్యాప్తంగా స్థాపించాడు. కలలు కనడం ఒకరి వంతు, చందాలు, లెక్కలు, పడకల జాబితా మరొకరి వంతు. ఉద్యమాలకు రెండోవాడు దొరకడమే కష్టం. 1925 ప్రాంతంలో పాడర్‌బోర్న్ సమీపాన సైన్యం వదిలేసిన శిక్షణ మైదానంలో షిర్మన్ పిల్లల శిబిరగ్రామాన్ని కూడా నడిపాడు. తుపాకీ శిక్షణకు వాడిన నేల మీద నగరపు పిల్లలు సెలవులు గడిపారు. 1932 నాటికి జర్మనీలో యువబసల సంఖ్య రెండు వేలు దాటింది. ఆ ఏడాది అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో వివిధ దేశాల సంఘాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడగా, త్వరలోనే షిర్మన్ దానికి అధ్యక్షుడయ్యాడు.

కోటలకూ యువతకూ మధ్య ఏర్పడిన ఈ బంధానికి చీకటి పార్శ్వం కూడా ఉంది. 1920లో వాండర్‌ఫోగెల్ సభ్యులు వెర్రా నది మీద ఉన్న లుడ్విగ్‌స్టైన్ అనే 15వ శతాబ్దపు కోటను కొని, యుద్ధంలో చనిపోయిన తమ సహచరుల స్మారకంగానూ యువకుల సమావేశ స్థలంగానూ మార్చారు. యువదుర్గం అనదగిన ఈ భావనలో పడక కన్నా ప్రతీకకు విలువ ఎక్కువ: పూర్వుల బురుజు, వీరమరణం, మంట చుట్టూ పాట. ఆ భావుకతలో తప్పు లేకపోవచ్చు గాని, దానిని ఎవరైనా చేజిక్కించుకోవచ్చునని 1933లో రుజువయింది. నాజీలు అధికారంలోకి రాగానే యువబసల యంత్రాంగమంతా హిట్లర్ యువజన దళం చేతికి వెళ్లింది. మ్యూంకర్ వైదొలగవలసి వచ్చింది. 1936లో షిర్మన్ చేత అంతర్జాతీయ అధ్యక్ష పదవికి కూడా రాజీనామా చేయించారు. కాలినడక, గుడారం, కలిసి వండుకోవడం, కోట మీద జెండా అన్నీ అలాగే ఉన్నాయి. ఎవరికైనా తలుపు తెరిచే నియమం మాత్రం పోయింది, యూదు పిల్లలకు అక్కడ చోటు లేకుండా పోయింది. ప్రాచీన స్థలం దానంతట అది మంచిని నేర్పదు. యుద్ధానంతరం షిర్మన్ మళ్లీ పనిలోకి దిగి, కూలిన యువబసలను నిలబెట్టడానికి కృషి చేసి 1961లో కన్నుమూశాడు.

బ్రిటన్‌లో ఇదే తరహా వాడకానికి సెయింట్ బ్రెవెల్స్ కోట ఉదాహరణ. వేల్స్ సరిహద్దుకు దగ్గరగా డీన్ అడవి అంచున, నార్మన్ల కాలంలో వెలసిన ఈ కోటను జాన్ రాజు వేట విడిదిగా వాడాడు. 13వ శతాబ్దిలో ఆ అడవిలో దొరికే ఇనుముతో విల్లుయంత్రాల ములుకులను ఇక్కడ వేల సంఖ్యలో తయారుచేసి రాజు సైన్యానికి పంపేవారు. తరువాతి కాలంలో అప్పు తీర్చలేనివారిని బంధించే జైలుగా మారింది. ఖైదీలు గోడల మీద గీసిన రాతలు ఇంకా ఉన్నాయి. 1948 నుంచి అది యువబస. ఖైదీలు ఉన్న గదుల మధ్యనే ఇప్పుడు విద్యార్థి బృందాలు నిద్రపోతాయి. ఇక్కడ పిల్లలకు చరిత్ర చెప్పడానికి ప్రత్యేకంగా ఎవరూ తంటాలు పడనక్కరలేదు. పక్కమంచం వాడు గోడ మీది గీతలు చూపించి ఇదేమిటని అడిగితే పాఠం అక్కడే మొదలవుతుంది.

గదులలో పడక వేయడం ఒక ఎత్తు, ప్రాచీన స్థలంలో నేల మీద గుడారాలు వేయడం మరొక ఎత్తు. పురావస్తు శాస్త్రజ్ఞులకు నేల అంటే పొరల సంపుటి; మానవ నివాసం జరిగిన ప్రతి దశలోనూ బూడిద, పెంకులు, ఎముకలు, మట్టి కలిసి ఒక పొరగా పేరుకుంటాయి, సాధారణంగా అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. పెంకు ముక్క విలువ దాని అందంలో కన్నా అది ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్న సంగతిలోనే ఎక్కువ. చిన్నపిల్లవాడు దానిని తీసి జేబులో వేసుకున్న క్షణంలో ఆ సంగతి తిరిగి రాకుండా పోతుంది. పూర్వపు శిబిరాలలో వాననీరు పోవడానికి గుడారం చుట్టూ చిన్న కాలువ తవ్వేవారు. మామూలు మైదానంలో హాని లేని ఆ అలవాటు పాత ఊరి దిబ్బ మీద రెండు మూడు పొరలను ఒకేసారి కోసిపారేస్తుంది.

శిబిరపు మంట సంగతి ఇంకా చిత్రమైనది. మట్టిలో సహజంగా ఉండే ఇనుప ఖనిజాలు గట్టిగా వేడెక్కి చల్లారినప్పుడు వాటి అయస్కాంత గుణం పెరుగుతుంది. నేల తవ్వకుండానే అడుగున ఏముందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు వాడే మాగ్నెటోమీటర్ అనే పరికరం ఈ తేడాలనే పట్టుకుని, ఇక్కడ పొయ్యి ఉండేది, ఇక్కడ కుమ్మరి ఆవం ఉండేది అని పటంలో చూపిస్తుంది. నిన్నటి శిబిరంలో వేసిన మంట కూడా అదే పటంలో అదే రకం మచ్చగా కనిపించి, దానిని చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది. నేలలో మరచిపోయిన ఒక్క ఇనుప మేకు సైతం చుట్టుపక్కల ఉన్న బలహీనమైన సంకేతాలను మింగేస్తుంది. అందువల్ల ఇటువంటి చోట్ల మంటను నేల మీద కాకుండా కాళ్లున్న ఇనుప పళ్లెంలో ఎత్తుగా వేయడం, పొడవైన మేకులకు బదులు బరువులతో గుడారాన్ని నిలపడం, గడ్డి కోలుకునేలా గుడారాల చోటు మారుస్తూ ఉండడం, మట్టికట్టల మీది నుంచి అడ్డదారులు పడకుండా నడక బాటను ముందే గీయడం మంచి పద్ధతులుగా స్థిరపడ్డాయి. బ్రిటన్‌లో 1979 నాటి చట్టం ప్రకారం రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా లోహశోధక యంత్రం వాడడమే నేరం. భారతదేశంలో 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను నిషేధించి, ఆపై 200 మీటర్లలో వాటిని నియంత్రిస్తుంది. అంటే మన దేశంలో అటువంటి కట్టడం పక్కన పక్కా భవనాలతో యువ కేంద్రం కట్టడం దాదాపు అసాధ్యం. ఏదైనా చేయాలంటే విప్పి తీసుకుపోగలిగినది కావాలి.

యువబసల ఉద్యమం స్వతంత్ర భారతానికి తొందరగానే చేరింది. 1949 నుంచి దేశవ్యాప్త సంఘం పనిచేస్తున్నది, సికింద్రాబాదులో హుస్సేన్‌సాగర్ సమీపాన ఉన్న యూత్ హాస్టల్ తెలుగువారికి పరిచితమైనదే. అయితే ప్రాచీన దుర్గం మీదనే యువతకు శిక్షణ అన్న పోలిక చూడాలంటే హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న భువనగిరికి వెళ్లాలి. ఊరి మధ్య నుంచి గుడ్డు ఆకారంలో లేచిన ఒకే ఒక మహాశిల మీద, 500 అడుగులకు పైగా ఎత్తున ఈ కోట ఉంది. 1076 నుంచి 1126 వరకు పాలించిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడన్న బిరుదు ఉండేది. కొండకు త్రిభువనగిరి అన్న పేరు ఆయన వల్ల వచ్చిందని, అదే భువనగిరిగా మారిందని చెబుతారు. తరువాత కాకతీయుల ఏలుబడిలోకీ, క్రమంగా గోల్కొండ సుల్తానులు, మొఘలుల చేతికీ వచ్చింది. మొఘలు అధికారాన్ని ధిక్కరించి తెలంగాణలో కోటల మీద కోటలు కొట్టిన సర్వాయి పాపన్న 1709లో భువనగిరి మీద దాడి చేశాడు.

ఈ కొండకు ఇటీవలి కాలంలో వచ్చిన పేరు రాజుల వల్ల వచ్చినది కాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులను పర్వతారోహణకు ఎంపిక చేసే ప్రయత్నం 2013లో మొదలైనప్పుడు, తొలి శిక్షణ భువనగిరి బండల మీదనే జరిగింది. వారిలో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఉన్నారు. డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలోనూ, లదాఖ్ చలిలోనూ తరువాతి శిక్షణ పూర్తి చేసుకుని, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఇద్దరూ ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో ఆమెదే అతి చిన్న వయసు. వ్యవసాయ కూలీల ఇంటి నుంచి వచ్చిన ఆ బాలికకు భువనగిరిలో మొదట పరిచయమైనది చాళుక్యుల చరిత్ర అయి ఉండదు, చేతికి పట్టు దొరకని రాయి అయి ఉంటుంది. ఆల్టెనా తీగ మిల్లు పిల్లవాడికీ గురుకుల విద్యార్థినికీ మధ్య ఒక శతాబ్దమూ ఒక ఖండమూ అడ్డం ఉన్నా, కోటలోకి వారిద్దరూ వచ్చిన ద్వారం ఒకటే.

దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకూ వానకూ ఉల్లిపొరల వలె పలకలు రాలిపోయి గుండ్రంగా, నునుపుగా మిగిలిన ఈ శిలల మీద చేత్తో పట్టుకోవడానికి పగుళ్లూ అంచులూ తక్కువ. ఇక్కడ ఎక్కేవాడిని నిలిపేది చేతిపట్టు కన్నా అరికాలికీ రాతికీ మధ్య ఏర్పడే ఘర్షణ. మొదటిసారి ఎక్కేవారందరూ భయంతో బండను కావలించుకుంటారు. అప్పుడు శరీరపు బరువు పాదాల మీది నుంచి తొలగి, బూటు జారుతుంది. నడుమును బండకు దూరంగా ఉంచి, మడమలు దించి, బరువంతా పాదం మీద వేస్తే అదే వాలు మెట్ల వలె పని చేస్తుందని శిక్షకులు చెబుతారు గాని, శరీరం ఆ మాట నమ్మడానికి సమయం పడుతుంది. నడుముకు కట్టిన పట్టీకి తాడు బిగించి, ఆ తాడును పై కొక్కెం గుండా తిప్పి, కింద నిలబడ్డ తోటివాడు పట్టి ఉంచడాన్ని బిలే అంటారు. తాడు సాయంతో దిగడం రాపెల్లింగ్. తాడు పట్టుకున్నవాడి మీద ప్రాణభారం పెట్టడం పిల్లలు మొదటిరోజే చేయవలసిన పని. కోట కట్టినవారు నమ్ముకున్నది ఈ నునుపునే: మనిషి నిలబడలేని వైపు గోడ అంత అవసరం ఉండదు. వారు శత్రువును జార్చడానికి ఎంచుకున్న శిల ఇప్పుడు జారకుండా నిలబడడం నేర్పుతోంది.

ఈ వాడకానికి కూడా చెల్లించవలసిన మూల్యం ఉంది. తాడు కట్టడానికి బండలో రంధ్రం చేసి దిగగొట్టే బోల్టు శాశ్వతంగా ఉండిపోతుంది. తాడు పదే పదే ఒరుసుకున్న గోడ అంచు అరుగుతుంది. బురుజు రాయికి తాడు చుట్టడం సులువు గాని, సున్నం వదిలిన రాయి మనిషి బరువును మోయకపోవచ్చు, మోసినా కదలవచ్చు. శిక్షణ జరిగే బండ భాగం ఏది, కట్టడం ఏది అన్న గీత ఒకటి గీసి, గోడల జోలికి పోకుండా సహజ శిల మీదనే బోల్టులు పరిమితం చేయడం ఇటువంటి చోట్ల పాటించవలసిన కనీస నియమం. సందర్శకులు పెరిగినకొద్దీ నీళ్ల సీసాలు, పేర్లు చెక్కుకునే సరదా, నీటి గుంటలలో చెత్త కూడా పెరుగుతాయన్నది ఏ కోటకు వెళ్లినా కనబడేదే. అయితే తాడుతో ఎక్కడం నేర్చుకున్న పిల్లలు గోడ మీద పేరు చెక్కే పిల్లల కన్నా రాయిని శ్రద్ధగా చూస్తారని అనుకోవడానికి ఆస్కారం ఉంది, ఎందుకంటే వారి కాలు నిలిచేది ఆ రాయి మీదనే.

ఆల్టెనాలో 2014లో కొండ కింది పట్టణం నుంచి సుమారు 90 మీటర్ల సొరంగం, దాని చివర సుమారు 80 మీటర్ల ఎత్తు ఎక్కే లిఫ్టు ఏర్పాటు చేశారు. మిల్లులు మూతపడి జనం తగ్గిపోయిన ఊరికి సందర్శకులను రప్పించడానికి అది అవసరమయింది. యువబస నేటికీ ఆ కోట ఆవరణలోనే, తొలి గదులకు దిగువన నడుస్తోంది. భువనగిరికి రోప్‌వే వేయాలన్న ప్రతిపాదన కూడా చాలాకాలంగా వినిపిస్తున్నది. వృద్ధులూ నడవలేనివారూ కోట చూడడానికి అది ఉపకరిస్తుందనడంలో సందేహం లేదు. కాని రోప్‌వే స్తంభాలు ఎక్కడ నాటుతారు, ఆ వైపు బండ మీద శిక్షణ కొనసాగుతుందా, గురుకుల పిల్లల బృందం వచ్చిన రోజున తాడు కట్టుకోవడానికి ఏ వాలు మిగులుతుంది అన్నవి స్తంభం గుంట తవ్వకముందే, పురావస్తు శాఖ అధికారులూ శిక్షకులూ ఒకే పటం ముందు కూర్చుని తేల్చుకోవలసిన విషయాలు.